పాపను బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించాలా? ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి

నర్సంపేట_నాన్న | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడెకరాల్లో పత్తి, మక్క వేస్తాం. పాప హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివింది. నీట్ రెండుసార్లు రాసింది. ర్యాంకు వచ్చింది కానీ కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు కాదు. మేనేజ్‌మెంట్ సీటు మాట ఎత్తే స్తోమత నాకు లేదు. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు, "రాత్రిళ్లు ఇంట్లో ఉండని ఉద్యోగం ఏం ఉద్యోగం" అంటోంది. మా బావమరిది ఫార్మసీ అంటాడు.

నాకు ఆసుపత్రి గురించి తెలిసిందల్లా మా నాయనను వరంగల్ పెద్దాసుపత్రిలో చేర్పించినప్పుడు వరండాలో పడుకున్న పదకొండు రోజులే. లోపల పనిచేసేవాళ్ల బతుకు ఎట్లా ఉంటుందో మీరే చెప్పాలి. జీతం, కష్టం, పెళ్లి, అన్నీ. తీపి మాటలు వద్దు.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 9:32

అన్నా, నా మాట చేదుగా ఉంటుంది. నర్సు అంటే మంచి సంబంధాలు రావు. మా చుట్టాల్లో ఒకమ్మాయి విషయంలో చూశాను. డిగ్రీ చేయించి గ్రూప్స్ కోచింగ్‌కు పంపండి.

మైక్రోస్కోప్_మిత్రుడు | రాత్రి 9:41

జంక్షన్ సారూ, ఏ కాలంలో ఉన్నారు! నేను కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర పనిచేసే ఇద్దరు అబ్బాయిలు సర్కారు స్టాఫ్ నర్సు సంబంధం కోసం రెండేళ్లుగా తిరుగుతున్నారు, దొరకడం లేదు. ఆ ఉద్యోగం స్కేలు 36,750 నుంచి 1,06,990. ఇప్పుడు పేరు కూడా మారింది, నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు.

నర్సంపేట అన్నా, ఒక లెక్క చెప్తా. 2022 చివర్లో 5,204 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 2024 సెప్టెంబర్‌లో ఇంకో 2,050. పరీక్షకు 80 మార్కులు, మిగతా 20 పాయింట్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసు చేసినవాళ్లకు. అంటే కాలేజీ నుంచి బయటికి రాగానే రాసే పిల్లలు ఆ 20 దగ్గర వెనకబడతారు. చదువు అయిపోగానే సర్కారు కొలువు అనుకుని లెక్క వేసుకోకండి. మధ్యలో కొన్నేళ్లు ఎట్లా గడుస్తాయన్నదే అసలు ప్రశ్న.

నైట్‌డ్యూటీ_అక్క | రాత్రి 11:58

ఆ మధ్యలో కొన్నేళ్ల గురించి నేను చెప్తాను. పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఆరేళ్లు ప్రైవేటు, తర్వాత కాంట్రాక్టు, ఇప్పుడు రెగ్యులర్.

నేను చేరినప్పుడు నెలకు నాలుగున్నర వేలు ఇచ్చారు. మొన్న మా మేనకోడలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే పద్నాలుగు వేలు, పన్నెండు గంటల డ్యూటీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మానేస్తానంటే మూడు నెలల జీతం కట్టి తీసుకుపొమ్మన్నారు. పాపకు ఇప్పటి నుంచే చెప్పండి అన్నా, ఒరిజినల్స్ చూపించాలి, వెనక్కి తీసుకోవాలి. ఎవరి బీరువాలోనూ పెట్టొద్దు.

మరి ఎందుకు మానలేదంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి. నాట్ల రోజులు. ఏఎంసీలో, అంటే ప్రాణం మీదికి వచ్చినవాళ్లను చూసే వార్డులో, నైట్ డ్యూటీ. పదింటికి ఒకామెను తెచ్చారు, పాము కరిచిందని. ములుగు అవతల ఊరు. మధ్యాహ్నం కరిస్తే పసరు తాగించి, మోకాలి కింద చీర పేలిక బిగించి, పొద్దుగూకే దాకా చూసి అప్పుడు బండెక్కించారు. కాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. చిగుళ్ల నుంచి రక్తం. ఏ పామో ఎవరూ చూడలేదు.

దానికి ఒక పరీక్ష ఉంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పెడతాం. తర్వాత వంచి చూస్తాం. మామూలుగా అయితే గడ్డకట్టి ఉంటుంది. ఆమెది వంచగానే నీళ్లలా జారింది. రక్తపింజర లాంటి పాముల విషం పని అది. డాక్టరు పది వయల్స్ యాంటీ వెనమ్, అదే విషం విరుగుడు మందు, రాశారు. అది పొడిగా వస్తుంది. ఒక్కో సీసాలో నీళ్లు పోసి అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఊపితే నురగే. అవతల మనిషి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, ఇక్కడ నిదానంగా పది సీసాలు తిప్పుతూ కూర్చోవాలి. వాళ్లాయన "సిస్టర్, జెల్ది జెల్ది" అంటూనే ఉన్నాడు. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు, కొందరికి పడదు, ఒక్కసారిగా దద్దుర్లు, ఆయాసం వచ్చేస్తాయి. అందుకే అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని, డ్రిప్ మొదలయ్యాక ఆమె మంచం దగ్గర నుంచి కదల్లేదు.

ఆరు గంటల తర్వాత మళ్లీ ట్యూబు. అప్పుడు తెల్లవారుజామున ఐదు. వంచాను, కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేశాను. రక్తం ముద్దలా ట్యూబు అడుక్కి అతుక్కునే ఉంది. వరండాలోకి పోయి ఆమె మొగుడికి చూపించాను. ఆయనకు ట్యూబు ఏం అర్థమవుతుంది, నా ముఖం చూసి ఏడ్చాడు. డిశ్చార్జి అయ్యి పోయిన వారానికి సంచెడు మక్క కంకులు మోసుకొచ్చాడు. వార్డులో కాల్చుకునే వీలెక్కడిది, తలా నాలుగు ఇంటికి తీసుకుపోయాం.

ఇట్లాంటి రాత్రులు నెలకు ఒకటో రెండో. మిగతావన్నీ మామూలు చాకిరీయే. కేస్ షీట్లు నింపడం, స్టాక్ లెక్క చూడడం, బెడ్డు మీద బెడ్‌షీట్ లేదని తిట్లు తినడం. అది కూడా చెప్పాలి కదా.

భూపాలపల్లి_బొగ్గు | ఆదివారం, ఉదయం 6:20

అక్కా, మీరు రాసింది చదివి మంచిగ అనిపించింది. కానీ ఒక మాట. మా అమ్మను సర్కారు ఆసుపత్రిలో పెట్టినప్పుడు, సెలైన్ అయిపోయిందని మూడుసార్లు చెప్తే సిస్టర్ కసిరింది. "కండ్లు లేవా మాకు" అన్నది. సింగరేణిలో ముప్పై ఏండ్లు చేసినోణ్ని, చిన్నపిల్లాణ్ని అన్నట్టు అన్నది. గవర్నమెంటు నర్సులకు నోరు ఎందుకు అంత?

నైట్‌డ్యూటీ_అక్క | ఉదయం 8:45

డ్యూటీ దిగి చూస్తున్నాను. అన్నా, కసురుతాం. కాదనను. నేనూ కసిరాను. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నిన్న రాత్రి మా వార్డులో 43 మందికి ఇద్దరం. మీరు మూడుసార్లు చెప్పిన ఆ సెలైన్ మాట ఆ సిస్టర్ ఆ గంటలో ముప్పైమంది దగ్గర విని ఉంటుంది. అయినా మీ అమ్మగారి ముందు మిమ్మల్ని అట్లా అనడం తప్పే.

హౌస్‌సర్జన్_పిల్లగాడు | ఉదయం 10:15

ఎంబీబీఎస్ సీటు రాలేదని బాధపడే వాళ్ల కోసం మా వైపు సంగతి కూడా రాస్తాను. నాలుగున్నరేళ్ల చదువు అయ్యాక ఏడాది హౌస్ సర్జన్సీ. నేను అందులో తొమ్మిదో నెలలో ఉన్నాను. క్యాజువాలిటీ డ్యూటీ పడితే ఇవాళ పొద్దున వెళ్లినవాణ్ని రేపు సాయంత్రం బయటపడతాను. తర్వాత పీజీ నీట్. మా సీనియర్లు ముప్పై ఏళ్లు దాటినా ఇంకా పుస్తకాలు పట్టుకునే ఉన్నారు. ఇంట్లో తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో చేరి నాన్నకు ఫోన్ కొనిచ్చాడు. నేను ఇంకా నాన్న దగ్గరే పెట్రోలు పైసలు అడుగుతున్నాను.

చదువులో ఎవరూ నేర్పనిది చావు కబురు చెప్పడం. మొదటిసారి నాకు ఆ పని పడ్డప్పుడు ఒక ముసలాయన పోయాడు. ఈసీజీ తీశాం, గీత సాఫీగా వచ్చింది, టైం రాశాం. బయట ఆయన భార్య నేల మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా గొంతుకూర్చుని నోరు తెరవబోతుంటే ఆమే అంది, "బిడ్డా, బువ్వ తిన్నవా? పొద్దటి నుంచి ఉరుకుతున్నవు" అని. ఆ తర్వాత నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

అందరూ అట్లా ఉండరు. ఇంకోసారి ఇరవైమంది వచ్చి కంప్యూటర్ పగలగొట్టారు, మా పీజీ అన్నకు చెంప మీద కొట్టారు. తీసుకొచ్చేటప్పటికే ప్రాణం లేదు ఆ పిల్లాడికి. వైద్య సిబ్బంది మీద దాడులకు 2008లోనే చట్టం వచ్చింది. 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. మా దగ్గర గోడ మీద బోర్డు కూడా ఉంది. దాని కిందే కొట్టారు.

కాజీపేట_జంక్షన్ | ఉదయం 10:40

డాక్టర్ బాబూ, ఇవన్నీ చదివితే నా మాటే నిజం అనిపిస్తోంది. గ్రూప్స్ రాయించండి అన్నా.

108_తమ్ముడు | మధ్యాహ్నం 1:05

గ్రూప్స్ ఒకటే లోకం కాదు సారూ 🙂

నేను 108లో ఈఎంటీని. బండిలో ఇద్దరమే ఉంటాం. బండి నడిపేవాణ్ని మా దగ్గర పైలట్ అంటారు, వెనకాల రోగి దగ్గర నేను. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది, అప్పుడు నేను మూడో తరగతి. మా ఊళ్లోకి మొదటిసారి ఆ బండి వచ్చినప్పుడు వెనకాల ఉరికిన పిల్లల్లో నేనొకణ్ని.

తాడ్వాయి, మంగపేట వైపు డ్యూటీ చేసినప్పుడు బండిలో కాన్పులు చాలా చేశాం. కడుపులో బిడ్డ ఏటూరునాగారం దాకా ఆగాలి కదా. ఒకసారి అడవిలో, వానలో, తల కనబడుతోందని పైలట్‌ను బండి పక్కకు ఆపమన్నాను. ఆయన టార్చి పట్టుకుని అవతలికి తిరిగి నిలబడ్డాడు. బిడ్డ బయటికి వచ్చింది, ఏడవలేదు. గుడ్డతో వీపు రుద్దాను. ఇంకాసేపు రుద్దాను. ఆ కొద్ది సెకన్లు ఎంత పొడుగో మాటల్లో చెప్పలేను. ఏడ్చింది. అవతలికి తిరిగి ఉన్న పైలట్ అన్న కూడా ఏడ్చాడు, తర్వాత అడిగితే వాన నీళ్లన్నాడు. బొడ్డు కోసి, తల్లి ఛాతీ మీద వేసి, ముర్రుపాలు పట్టించి, మాయ పడ్డాక బయల్దేరాం.

జీతం గురించి అడగకండి. ఇంటి కిరాయి, చిట్టీ పోతే ఏం మిగలదు. పన్నెండు గంటల డ్యూటీ, దసరాకు ఎప్పుడూ ఇంట్లో లేను. మా ఆవిడ అంటది, నీకు జనమంతా ఫోన్ చేస్తే పోతవు, నేను చేస్తే ఎత్తవని.

ఏజెన్సీ_ఏఎన్‌ఎం | మధ్యాహ్నం 3:30

తమ్ముడూ, ఆ దారిలో మీ బండి కోసం ఎదురుచూసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అన్నా, నర్సింగ్ అంటే ఆసుపత్రి ఒక్కటే కాదని చెప్పడానికి రాస్తున్నాను. మాది ఊళ్లు తిరిగే పని. బుధవారం, శనివారం టీకాలు. భుజానికి వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాకులు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి టీకా. సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల గడి ఉంటాయి. గడి రంగు గుండ్రం రంగుతో కలిసిపోతే వేడి తగిలినట్టే, పారేయాలి. మూడు కిలోమీటర్లు నడిచి, వాగు దాటి గుత్తికోయ గూడెం పోయాక గడి నల్లబడితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. అందుకే దారిలో క్యారియర్ మూత తెరవనే తెరవను.

వానలు మొదలయ్యే ముందే నెలలు నిండినవాళ్ల లిస్టు రాసుకుంటాం. డేటు దగ్గరున్నవాళ్లను వాగులు పొంగకముందే ఆసుపత్రికి చేర్చాలి. వాళ్లు రారు. ఇంటి దగ్గర మేకలు, పిల్లలు. నాకు కోయ భాష పది మాటలు కూడా రావు, ఆశా వర్కర్ అమ్మాయే మాట్లాడుతుంది. 2023 జులై వానలకు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ వారం మా లిస్టులో నలుగురు. నలుగురూ ముందే ఆసుపత్రిలో ఉన్నారు. దానికి ఎవరూ అవార్డు ఇవ్వలేదు, పైగా ఆ నెల రిజిస్టర్లు ఆలస్యంగా ఇచ్చానని మెమో వచ్చింది.

మేడారం జాతరప్పుడు ఇంకో చోద్యం. క్యాంపు దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి మందు కంటే ముందు కాసేపు కూర్చునే చోటు కావాలి.

జగిత్యాల_టు_దోహా | రాత్రి 7:50

మా జగిత్యాలలో ఇంటికొక మనిషి గల్ఫ్‌లో ఉంటాడు, నేను మాత్రం నర్సుగా వచ్చాను. ఎనిమిదేళ్లయింది. ఇంటి అప్పు తీర్చాను, చెల్లి పెళ్లి చేశాను. మా నాన్న ఎడారిలో ఇటుకలు మోసి చేయలేనిది నేను చేశానని ఊళ్లో చెప్పుకునేవాడు. ఆయన పోయినప్పుడు వీడియో కాల్‌లో చూశాను. లీవు దొరికి వచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

బయటికి రావాలనుకునే పిల్లలకు పనికొచ్చేవి చెప్తాను. కనీసం రెండేళ్లు మంచి ఆసుపత్రిలో, ఐసీయూ అయితే మరీ మంచిది, అనుభవం ఉండాలి. సర్టిఫికెట్లను డేటాఫ్లో అనే సంస్థ వాళ్లు కాలేజీకీ, కౌన్సిల్‌కూ రాసి సరిచూస్తారు. తర్వాత ఇక్కడి లైసెన్సు కోసం ప్రోమెట్రిక్ పరీక్ష. అనుభవం లెటర్‌లో ఒక్క తేదీ తప్పుంటే నెలలు పడుతుంది. నాకు అట్లాగే ఐదు నెలలు పోయాయి. ఏజెంటు లక్షలు అడిగితే అక్కడే ఆగిపోండి. టామ్‌కామ్ అని మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థే ఉంది, దాని ద్వారా జర్మనీకి కూడా పంపుతున్నారు. జర్మనీకి అయితే జర్మన్ భాష నేర్చుకోవాలి, అది నర్సింగ్ కంటే కష్టమని మా ఫ్రెండ్ అంటుంది.

మైక్రోస్కోప్_మిత్రుడు | రాత్రి 8:25

అందరూ ఒకటి మర్చిపోయారు. సూదిపోటు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయికి రక్తం తీశాక సూదికి మళ్లీ మూత పెడుతుంటే గుచ్చుకుంది. అట్లా మూత పెట్టొద్దని మొదటి రోజే చెప్తారు, తొందరలో చేస్తాం. వెంటనే సబ్బు నీళ్లతో కడుక్కుని, రెండు గంటల్లోపు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు మొదలుపెట్టింది. 72 గంటలు దాటితే ఆ మందు వేసుకుని లాభం లేదు. 28 రోజులు మింగాలి. ఆ నెల రోజులు ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఒక్కతే టెన్షన్ పడింది. చివరికి ఏమీ కాలేదు.

అన్నా, పాప ఏ కోర్సులో చేరినా క్లినికల్ పోస్టింగ్ మొదలవకముందే హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తి చేయించండి. మొదటి దానికీ మూడోదానికీ మధ్య ఆరు నెలలు పడుతుంది, చేరాక చూద్దాంలే అనుకోవద్దు.

నిర్వాహకుడు | రాత్రి 8:40

చర్చ బాగుంది. రెండు పోస్టుల్లో ఆసుపత్రుల పేర్లు రాశారు, తీసేశాం. మీ అనుభవం రాయండి, పేర్లు వద్దు.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 9:05

సరే, ఓడిపోయాను. కానీ కాలేజీ ఎట్లా ఎంచుకోవాలో ఎవరూ చెప్పలేదు. అది చెప్పండి, పాపం ఆయన అందుకే కదా అడిగింది.

నైట్‌డ్యూటీ_అక్క | రాత్రి 9:30

జంక్షన్ గారూ, మీరు మంచివారే 🙂

మొదట, ఆ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ సంవత్సరానికి ఉందా చూడాలి. బోర్డు మీద రాసుకుంటే సరిపోదు. కన్వీనర్ సీట్లకు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ వస్తుంది, ఇక్కడే మన వరంగల్‌లోనే. తర్వాత, క్లినికల్స్‌కు పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతారో అడగండి. నేను చెప్పే చిట్కా ఒకటే, పొద్దున ఎనిమిదింటికి కాలేజీ గేటు దగ్గర నిలబడండి. పిల్లల బస్సులు ఆసుపత్రికి పోతుంటే మంచి కాలేజీ. బస్సులు షెడ్డులోనే ఉంటే పిల్లలకు సిరంజి పట్టుకోవడం రాదు. మేం అట్లాంటి వాళ్లను చూస్తూనే ఉన్నాం, వాళ్ల తప్పు కాదు.

నాలుగేళ్లు అవసరం లేదనుకుంటే జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లే. కానీ పాపకు చదివే ఓపిక ఉంది కాబట్టి బీఎస్సీయే మేలు. రేపు ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా దారి ఉంటుంది.

నర్సంపేట_నాన్న | సోమవారం, రాత్రి 8:15

అందరికీ దండాలు. ఇంత రాస్తారని అనుకోలేదు. ఇంట్లో పెద్దగా చదివి వినిపించాను. కంకుల దగ్గర వాళ్లమ్మ ఏమీ అనలేదు. సూదిపోటు దగ్గర మాత్రం "ఇగో, చూడు" అన్నది. దోహా చెల్లె రాసింది చదవలేకపోయాను, పాపకు ఇచ్చాను, తనే చదివింది.

నర్సంపేట_నాన్న | రాత్రి 8:22

నాన్న ఫోన్ నుంచి నేనే రాస్తున్నాను. నైట్‌డ్యూటీ అక్కా, ఒక్క డౌట్. ఆరు గంటల తర్వాత కూడా ట్యూబులో రక్తం గడ్డకట్టకపోతే ఏం చేస్తారు?

నైట్‌డ్యూటీ_అక్క | రాత్రి 9:48

మళ్లీ యాంటీ వెనమ్ ఎక్కిస్తాం, మళ్లీ ఆరు గంటలు ఆగి చూస్తాం. ఈలోపు కిడ్నీలు దెబ్బతింటున్నాయేమోనని మూత్రం ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది, గంట గంటకూ రాసుకుంటాం. కొందరికి డయాలసిస్ దాకా పోతుంది.

ఈ ప్రశ్న మా జూనియర్లు కూడా అడగరు. సర్టిఫికెట్ల పనికి వరంగల్ వచ్చినప్పుడు చెప్పు. మార్నింగ్ డ్యూటీ అయితే రెండింటికల్లా బయటికి వస్తాను.

నర్సంపేట_నాన్న | రాత్రి 9:55

సరే అక్కా. అమ్మ అడుగుతోంది, ఆసుపత్రి క్యాంటీన్‌లో అన్నం మంచిగుంటదా అని.

నైట్‌డ్యూటీ_అక్క | రాత్రి 9:57

ఉండదు. టిఫిన్ డబ్బా కట్టిమ్మని చెప్పు. తొక్కు కొంచెం ఎక్కువ పెట్టమను, నలుగురం తింటాం.